అందేంత ఎత్తు

జడ సగంలో ఉండగా పెద్దకోడలి చేతులు ఆగాయి. మూడు పాయలూ వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని, కళ్ళు మూసుకుని, ముక్కుతో నిదానంగా గాలి పీల్చింది. అంతకంటే నిదానంగా వదిలింది. ముందు పీట మీద కూర్చున్న చిన్నకోడలు కదల్లేదు. ఈ ఇంట్లో జడ మధ్యలో ఆగడం మామూలే. ఆగిన చేతులు మళ్ళీ కదిలేదాకా వీపు నిటారుగా పెట్టుకుని కూర్చోవాలి, అంతే.

"డాక్టరమ్మ వచ్చేది ఇవాళే కదే?" అంది పెద్దకోడలు, అల్లిక మళ్ళీ అందుకుంటూ.

"మధ్యాహ్నం అన్నారక్కా."

"చెయ్యి ఎలా ఉంది?"

"అలాగే ఉంది." చిన్నకోడలు కుడిచెయ్యి పక్కకి ఎత్తబోయి, భుజం దాకా రాకముందే మొహం చిట్లించి దించేసింది. "జడ మాత్రం నువ్వే వెయ్యాలి."

"వేస్తున్నాగా. మెడ తిప్పకు."

జడ చివర ముడి పడింది. పెద్దకోడలు మునివేళ్ళ మీద లేచి దువ్వెనని బీరువా పైన పెట్టింది. నిరుడు ఆ దువ్వెన కిటికీ గట్టు మీద ఉండేది. తర్వాత అద్దం పక్కన మేకుకి ఎక్కింది. ఆ తర్వాత మందుల అరలోకి. ఇప్పుడు బీరువా పైకి.

"ఒక్కచోట ఉండనివ్వవు కదా దాన్ని. అంత పైనుంచి నేనెలా తీసుకోను?" అంది చిన్నకోడలు.

"నిన్నెవరు తియ్యమన్నారు? తీసేదాన్ని నేనున్నాగా" అని పెద్దకోడలు తన మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

పెద్దకోడలు, చిన్నకోడలు అని పిలిచిన అత్తగారు పోయి చాలా కాలమైంది. పిలుపులు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. పెద్దకోడలికి భర్త లేడు, పిల్లలు లేరు. మరిది, తోడికోడలు, వాళ్ళ కూతురు, అందరూ ఆ రెండు గదుల్లోనే. మరిది గోడలకి రంగులు వేస్తాడు. తోడికోడళ్ళిద్దరూ పెద్దాసుపత్రి వెనకున్న లాండ్రీలో దుప్పట్లు మడతపెడతారు. ఇంత మామూలు బతుకు గురించి ఏం చెప్పుకుంటాం అని ఎవరైనా అడిగితే, నాకు అంతకంటే పెద్ద వింత ఎక్కడా కనిపించలేదని చెబుతాను.

చిన్నప్పుడు వచ్చిన ఒక జ్వరం పెద్దకోడలి గుండెని కాస్త చెడగొట్టి పోయింది. గుండెలో తలుపుల్లాంటివి ఉంటాయట. ఆవిడకి వాటిలో ఒకటి సరిగ్గా మూసుకోదు. పరుగెత్తకు, ఆయాసం తెచ్చుకోకు, మాత్ర మానకు అని అప్పట్లో డాక్టరు చెప్పాడు. అరువు తెచ్చుకున్న గిన్నెని సొట్ట పడకుండా చూసుకున్నట్టు, ఆనాటి నుంచీ ఆవిడ తన గుండెని చూసుకుంటూ వచ్చింది. భయంతో కాదు. భయపడే మనిషైతే మూలన కూర్చునేది. ఆవిడకి తన ఒళ్ళంటే ఆశ్చర్యం. "ఎవరూ తొయ్యకుండానే ఊపిరి ఎలా వస్తోందో, ఎలా పోతోందో చూడవే" అనేది, కొత్తగా కనిపెట్టినట్టు. "మనం నిద్రపోయినా లోపల పని ఆగదు. ఒక్కరోజైనా సెలవు అడిగిందా?" అనేది. ఆ ఆశ్చర్యం ఆవిడకి ఏనాడూ పాతబడలేదు.

పనికి ఇద్దరూ నడిచే వెళ్తారు. బస్సుంది. కానీ పెద్దకోడలికి బస్సు వెనక పరుగెత్తడం కుదరదు, నడక మానడం ఇష్టం లేదు. వంతెన ఎక్కేచోట కొంచెం మిట్ట. సగం ఎక్కాక ఆవిడ ఆగి, రెయిలింగు పట్టుకుని కింద పట్టాల మీద నిలబడ్డ గూడ్సుబండిని చూసింది.

"ఏం చూస్తున్నావక్కా?"

"పెట్టెలెన్నున్నాయో అని."

"నిన్నా చూశావుగా."

"నిన్నటి బండి వేరే."

చిన్నకోడలు నవ్వుకుంది. ఆవిడ చూసేది పెట్టెల్ని కాదని, ఊపిరి కోసం ఆగిందని ఆమెకి తెలుసు. తెలిసినా తెలియనట్టే పక్కన నిలబడి తనూ పెట్టెల్ని చూస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకి ఇలా ఆగడమంటే చిరాకు. తర్వాత ఎప్పుడో ఆ విరామాల్లోనే తనకీ మబ్బులు కనిపించడం మొదలైంది, గాలి తగలడం తెలిసింది. ఇప్పుడు పెద్దకోడలు ఆగకముందే ఆమె కాళ్ళే ఆగుతున్నాయి.

ఇవాళ మాత్రం చిన్నకోడలి మనసు పెట్టెల మీద లేదు. నిరుడు ఒక పొద్దున తల దువ్వుకోబోతే చెయ్యి చెవి దాకా కూడా రాలేదు. భుజం బిగుసుకుపోయింది. పెద్దాసుపత్రిలో అక్క గుండె చూసే డాక్టరమ్మే మాత్రలిచ్చి, ఇది నెమ్మదిగా తగ్గుతుంది, చెయ్యి వాడటం మానకండి అంది. ఆర్నెల్లు చూశాక లాండ్రీ సూపర్‌వైజరు తేల్చి చెప్పేశాడు. పై కడ్డీ మీద తడిదుప్పటి వెయ్యలేని మనిషికి ఈ హాల్లో పని ఉండదు, కింద గోడౌనులో మురికిబట్టల సంచులు వేరుచేసే పనికి పంపిస్తారు. ఇవాళ డాక్టరమ్మ చూసి ఏదో ఒకటి రాసేస్తుంది.

గోడౌనుకి వెళ్ళడమంటే చిన్నకోడలికి పెద్ద బాధేం లేదు. బాధంతా అక్క గురించే. దుప్పటి మడత ఇద్దరి పని. ఎదురెదురుగా నిలబడి తలో రెండు కొసలూ పట్టుకుని, దులిపి, ఒకరి వైపు ఒకరు నడవాలి. ఎదుటి మనిషి తొందరపడితే ఇవతలి మనిషీ తొందరపడక తప్పదు. అక్క ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషి ఆ హాల్లో తనొక్కతే. వేరే ఎవరినైనా ఎదురుగా నిలబెడితే ఆ గుండె ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? ఈ మాట పైకి అనడానికి నోరు రాక ఆమె ఇన్నాళ్ళూ గోడ ఎక్కింది.

గోడ ఎక్కడమంటే నిజంగానే గోడ ఎక్కడం. లాండ్రీ హాలు గోడకి మనిషెత్తు దాకా ఆకుపచ్చ రంగు, ఆపైన సున్నం. చిన్నకోడలు గోడకి దగ్గరగా నిలబడి, కుడిచేతి వేళ్ళని పురుగు పాకినట్టు గోడ మీద పైకి పాకించాలి. నొప్పి పుట్టినచోట ఆగి, ఊపిరి వదిలి, ఇంకొక్క గోరంత. అది ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి చెప్పింది. వేళ్ళు చేరినచోట పెద్దకోడలు సుద్దముక్కతో చిన్న గీత గీసేది. బట్టల మూటల మీద గుర్తు పెట్టే సుద్దే అది. ఆకుపచ్చ రంగు మీద ఆ గీతలు నిచ్చెన మెట్లలా పైకి లేచాయి. సూపర్‌వైజరు ఒకసారి వాటిని తుడిచెయ్యమని బాయిలరు చూసుకునే తాతకి చెప్పాడు. బాయిలరు తాత మోకాళ్ళకి అప్పటికే పెద్దకోడలు చెప్పిన కాపడం నడుస్తోంది. ఆయన గుడ్డ తడుపుకొస్తానని వెళ్ళి, ఇంతవరకూ తిరిగి రాలేదు.

గోడ ఎక్కేముందు వేడి తువ్వాలు. ఇస్త్రీ రోలర్లలోంచి అప్పుడే వచ్చిన తువ్వాలుని నాలుగు మడతలు వేసి, ముందు తన చెంపకి ఆనించి చూసుకుని, అప్పుడు చిన్నకోడలి భుజం మీద వేసేది పెద్దకోడలు. మధ్యలో ఒకసారి, తువ్వాలుతో హాయిగా ఉంది కదా అని చిన్నకోడలు మాత్రలు మానేసింది. అది తెలిసిన రోజున పెద్దకోడలికి వచ్చిన కోపం ఆ హాల్లో ఇంకెప్పుడూ ఎవరూ చూడలేదు.

"మాత్ర పని మాత్రది, తువ్వాలు పని తువ్వాలుది. ఒకటి చేస్తుంటే ఇంకోటి అలుగుతుందా? నేను మాత్ర వేసుకోకుండా ఊపిరి ఒక్కటే పీల్చుకుంటూ కూర్చుంటే ఈపాటికి ఫొటోలో ఉండేదాన్ని."

డాక్టరు మాట, వ్యాయామాల పిల్ల మాట, చచ్చిపోయిన అత్తగారి మాట, ఎప్పుడో రేడియోలో విన్న మాట, అన్నీ వినేది ఆవిడ. అందరి మాటల్లోంచీ ఒళ్ళు ఒప్పుకున్నది ఉంచుకునేది, ఒప్పుకోనిది వదిలేసేది. వదిలేసినవాటిని తిట్టేది కాదు.

హాల్లో అడుగుపెట్టగానే ఆవిరి మొహానికి కొట్టింది. వరసగా పెద్దపెద్ద పీపాల్లాంటి యంత్రాలు గిర్రున తిరుగుతున్నాయి. పక్కన రోలర్లు దుప్పట్లని మింగి, అటువైపు సాపుగా వదులుతున్నాయి. నడుమ పొడవాటి బల్లలు. తల పైన గోడ నుంచి గోడకి ఇనప కడ్డీ. పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒక బాయిలరు తాత, ఒక సూపర్‌వైజరు. ఆయన మాట్లాడే ప్రతి మాటా "ఊఁ, కానివ్వండి"తో మొదలై దానితోనే ముగుస్తుంది కాబట్టి ఆడవాళ్ళు ఆయనకి కానివ్వండిసారు అని పేరు పెట్టారు. పెద్దకోడలికీ ఒక పేరుంది. ఆవిడ పనిలో ఉన్నా, ఏ మూల ఉన్నా, ఉన్నట్టుండి "అమ్మాయిలూ, ఒక్క గుక్క!" అని కేకేస్తుంది. ఎక్కడివాళ్ళక్కడ సీసా ఎత్తి ఒక గుక్క నీళ్ళు తాగాలి. అలా ఆవిడ గుక్కమ్మ అయింది.

"ఊఁ, కానివ్వండి" అన్నాడు కానివ్వండిసారు. పని మొదలైంది.

పెద్దకోడలు, చిన్నకోడలు మొదటి దుప్పటి పట్టుకున్నారు. దులిపారు. తెల్లటి గుడ్డ ఇద్దరి మధ్యా గాలి నింపుకుని లేచి, నెమ్మదిగా దిగింది. నడిచి దగ్గరికొచ్చారు. కొసలు కలిశాయి. మడత. మళ్ళీ మడత. దుప్పటి బల్ల మీద పడగానే ఇద్దరూ చోటు మార్చుకున్నారు. కుడివైపు మనిషి ఎడమకి, ఎడమవైపు మనిషి కుడికి. రోజంతా ఒకేవైపు నిలబడితే ఒకే భుజం అరిగిపోతుందని చాలా ఏళ్ళ కిందట పెద్దకోడలు మొదలుపెట్టిన పద్ధతి అది. తర్వాత హాల్లో జంటలన్నీ అదే పట్టుకున్నాయి.

దానివల్ల ఒక తంటా వచ్చిపడింది. చోటు మారితే మడత దిక్కు కూడా మారుతుంది. వార్డులకి వెళ్ళే దుప్పట్లలో సగం ఎడమవైపుకి విప్పుకుంటే, సగం కుడివైపుకి విప్పుకునేవి. హడావిడిలో ఉన్న నర్సులు దుప్పటి విసిరితే అది తలకిందులుగా పడేది. ఫిర్యాదు మీద ఫిర్యాదు. కానివ్వండిసారు అందరినీ నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. అందరూ తలూపి, మళ్ళీ దుప్పటి పట్టుకోగానే కాళ్ళు వాటంతటవే చోటు మార్చుకున్నాయి. చివరికి అలవాటు పడింది నర్సులే. ఒక మంచం అటునుంచి, ఇంకో మంచం ఇటునుంచి పరవడం మొదలుపెట్టారు. దాంతో తమ నడుములు కూడా తేలికపడ్డాయని వాళ్ళెవరికైనా తెలుసో లేదో. ఒక మనిషి గుండె సరిగ్గా మూసుకోకపోవడం ఎక్కడో ఆరో అంతస్తులో ఎవరి నడుముకో సుఖం ఇవ్వడం నాకైతే నమ్మలేనంత గొప్పగా అనిపిస్తుంది.

"ఈ దుప్పటి మీద ఎవరో పుట్టుంటారే" అంది పెద్దకోడలు, ఉతికినా పూర్తిగా పోని లేత గోధుమరంగు మరకని వేలితో తడుముతూ.

"పోయినవాళ్ళూ ఉంటారు."

"ఉంటారు. రెంటికీ ఒకటే దుప్పటి. మనం మళ్ళీ తెల్లగా చేసి పంపిస్తున్నాం చూడు." ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. తను చేసిన పనేనని మర్చిపోయినట్టు ఆ గుడ్డని చూసింది. "అమ్మాయిలూ, ఒక్క గుక్క!"

పన్నెండు సీసాలు లేచాయి.

మధ్యాహ్నం డబ్బాలు విప్పారు. పెద్దకోడలు ఒక్కో ముద్దా నెమ్మదిగా నమిలి తింది. మొదట్లో ఆవిడ తినేలోపు అందరూ తినేసి, కబుర్లు కూడా అయిపోయి కూర్చునేవారు. ఇప్పుడు అందరివీ ఇంచుమించు ఒకేసారి అవుతున్నాయి. తర్వాత ఉతికిన బట్టల సంచుల మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు గోడకి ఎత్తి పెట్టుకోవడం. రోజంతా నిలబడే కాళ్ళకి అది విశ్రాంతి. ఒకసారి ఆఫీసు నుంచి ఎవరో పెద్దాయన చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చి, గోడ పొడవునా వరసగా ఆనించిన పాదాల్ని చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. ఆ పాదాలు కూడా ఆయన్ని చూసి కదల్లేదు.

చిన్నకోడలికి ఇవాళ కళ్ళు మూతపడలేదు. పక్కన పెద్దకోడలి చీలమండల మీద వాపు కనిపించింది. మేజోడు అంచు పడినచోట గుంట పూడలేదు.

"అక్కా, కాళ్ళు వాచాయి."

"సాయంత్రానికి అదే తీస్తుంది."

"నీకు ఎదురుగా ఇంకెవరినైనా పెడితే..."

"ఊపిరి వదులు ముందు" అంది పెద్దకోడలు కళ్ళు తెరవకుండా. "పీల్చుకోవడమే తప్ప వదలడం లేదు నువ్వు."

డాక్టరమ్మ రాగానే యంత్రాలు ఆపారు. ఆ నిశ్శబ్దం హాల్లో ఎవరికీ అలవాటు లేదు. డాక్టరమ్మ అలసిపోయి ఉంది, అయినా చిన్నకోడలి భుజాన్ని తొందరపడకుండా నాలుగువైపులా నొక్కి చూసింది. కానివ్వండిసారు ఒక తడిదుప్పటి తెచ్చి చేతికిచ్చాడు. ఆయన కూడా ఎందుకో ఇవాళ కానివ్వండి అనలేదు.

పెద్దకోడలు ముందుకొచ్చి తన చెంపకి ఆనించి చూసుకున్న వేడి తువ్వాలుని చిన్నకోడలి భుజం మీద వేసింది. కాసేపు అరచేత్తో అదిమి పట్టుకుంది. తీసేసింది.

చిన్నకోడలు ఊపిరి వదిలింది. దుప్పటి రెండు చేతుల్లోకీ తీసుకుంది. తడిబరువు మణికట్ల మీద పడింది. చేతులు రొమ్ము దాటాయి, గడ్డం దాటాయి, చెవులు దాటాయి. భుజంలో ఎక్కడో పాత నొప్పి ఒకసారి పలకరించింది. ఆమె ఆగింది. అక్క వంతెన మీద ఆగినట్టే ఆగింది. మళ్ళీ ఊపిరి వదిలింది. చేతులు ఇంకా పైకి వెళ్ళాయి, గోడ మీది చివరి సుద్దగీత కంటే పైకి, సున్నం మొదలయ్యేచోటు కంటే పైకి. దుప్పటి కడ్డీ మీదుగా అటువైపు జారి, బరువుగా వేలాడింది. దాని అంచు నుంచి ఒక నీటిచుక్క నేల మీద పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పదకొండు మంది ఆడవాళ్ళు ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. ఏడాది పాటు గోరంత గోరంతగా పైకి పాకిన చెయ్యి అది. పెద్దకోడలికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. "చూశారా?" అంది ఎవరితోనో. "చూశారా దాన్ని? వెళ్ళాల్సినచోటికి అదే వెళ్ళింది."

"ఏమేం చేశారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మీరిచ్చిన మాత్రలే అమ్మా. ఇంకా వేడి తువ్వాలు, ఈ గోడా, ఇదిగో, మా అక్కా."

డాక్టరమ్మ నవ్వింది. "దేన్నీ మానకండి. హాల్లోనే ఉండొచ్చు" అని సంతకం పెట్టింది. వెళ్ళబోతూ పెద్దకోడలి కాళ్ళ వైపు చూసి ఆగింది. అక్కడే స్టెతస్కోపు తీసి ఆవిడ వీపు మీద పెట్టి చాలాసేపు విన్నది. "రేపు పొద్దున్నే పైకి రండి. మందు మార్చాలి. తప్పకుండా రావాలి."

"వస్తానమ్మా. ఇది నా పని కూడా చూసుకోగలదు ఇప్పుడు."

యంత్రాలు మళ్ళీ తిరిగాయి. ఇద్దరూ దుప్పటి పట్టుకున్నారు. దులిపి, నడిచి దగ్గరికి వచ్చినప్పుడు పెద్దకోడలు గొంతు తగ్గించి అంది:

"పొద్దున చెవి దాకా రాని చెయ్యి మధ్యాహ్నానికి కడ్డీ దాకా వెళ్ళిందే! ఏం మందు వేశావే?"

చిన్నకోడలి మొహం ఎర్రబడింది. "నీకు తెలుసా?"

"గీతలు గీసింది నేను కాదూ? జడ వేసుకునే ఎత్తు ఎప్పుడో దాటేశావు."

"తెలిసి మరి రోజూ ఎందుకు వేశావు?"

"నువ్వెందుకు వేయించుకున్నావు?"

ఇద్దరూ కొసలు చేతుల్లో పెట్టుకునే పగలబడి నవ్వారు. నవ్వుకి పెద్దకోడలికి దగ్గొచ్చింది. చిన్నకోడలు ఆగింది, ఆ దగ్గు తగ్గేదాకా దుప్పటిని వదులుగా పట్టుకుని నిలబడింది.

"ఇంక నీ జడ నువ్వే వేసుకో" అంది పెద్దకోడలు.

చోట్లు మార్చుకున్నారు. ఇంకో దుప్పటి. ఇంకోటి. ఆ తర్వాతి దుప్పటికి పెద్దకోడలు నడిచి దగ్గరికి వచ్చి, తన రెండు కొసలూ చిన్నకోడలి చేతుల్లో పెట్టి, "ఇది నువ్వు చూసుకో, కొంచెం కూర్చుంటా" అంది. గోడ దగ్గరికి వెళ్ళి బోర్లించిన బుట్ట మీద కూర్చుంది. తల వెనక సుద్దగీతల నిచ్చెన. ఒళ్ళో తువ్వాలు. కళ్ళు మూసుకుంది.

చిన్నకోడలు నాలుగు కొసలూ తనే కలిపి, రెండు చేతులూ పైకెత్తి దుప్పటిని సాపు చేసింది. ఇంతకుముందు ఒక్కతే చెయ్యలేని పని. అక్క చూసిందేమోనని అటు తిరిగింది. అక్క కళ్ళు మూసుకునే ఉంది. పెదాల మీద ఇంకా ఇందాకటి నవ్వు కొంచెం మిగిలుంది.

పక్క జంట అటు చూసి గొంతులు తగ్గించుకుంది. అది చూసి ఆపక్క జంట. గుక్కమ్మ ఊపిరి తీసుకుంటోందంటే ఆ హాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. బుట్టని ఈడుస్తున్న అమ్మాయి దాన్ని ఎత్తి పట్టుకుని నడిచింది. కానివ్వండిసారు గుమ్మంలోకి వచ్చి, నోరు తెరిచి, ఆవిడని చూసి, మూసుకుని, మునివేళ్ళ మీద వెనక్కి వెళ్ళాడు. ఆవిరి పైకి లేస్తోంది. దుప్పట్లు లేస్తున్నాయి, దిగుతున్నాయి. హాలంతా ఆవిడ నేర్పిన నిదానంలో ఊపిరి తీసుకుంటోంది. ఒక్క ఆవిడ తప్ప.

దొంతర పూర్తయ్యాక చిన్నకోడలు సీసా తీసుకుని వెళ్ళింది. వంగి, "అక్కా, ఒక్క గుక్క" అంది.

డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చెయ్యాల్సినవన్నీ చేసింది. చివరికి స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి నేల మీద కూలబడింది.

"నిద్రపోతోందనుకున్నామమ్మా" అంది చిన్నకోడలు. ఆమె గొంతు ఇంకా తగ్గే ఉంది. "లేపకూడదని... మేం మాటలు కూడా తగ్గించాం. ముందే పిలిచి ఉంటే?"

"కూర్చున్న క్షణంలోనే అయిపోయుంటుంది. పిలిచినా వినేది కాదు." డాక్టరమ్మ ఆవిడ మణికట్టు ఇంకా వదల్లేదు. "ఇలాంటి గుండెతో ఇంతకాలం పనిచేసిన మనిషిని నేను చూడలేదు. విన్నప్పుడల్లా ఆశ్చర్యపోయేదాన్ని."

"ఇంత జాగ్రత్తగా ఉండే మనిషి..." అన్నాడు కానివ్వండిసారు.

"అలా ఉండబట్టే ఇంతదాకా వచ్చింది" అన్నాడు బాయిలరు తాత. "మనల్ని కూడా తెచ్చింది."

ఒకామె దొంతర పైనుంచి దుప్పటి తీసి కప్పబోయింది. అది ఎడమవైపుకి విప్పుకునే మడత. ఆమె ఏమీ అనుకోకుండానే చోటు మార్చుకుని అటువైపు నిలబడి పరిచింది. తెల్లటి గుడ్డ గాలి నింపుకుని లేచి, నెమ్మదిగా దిగింది.

కొన్నాళ్ళకి చిన్నకోడలు మళ్ళీ పనికి వెళ్ళాల్సిన పొద్దు వచ్చింది. స్నానం చేసి, తడిజుట్టు వీపున వేసుకుని, అలవాటుగా పీట వాల్చుకుని కూర్చుంది. వీపు నిటారుగా పెట్టుకుని, మెడ తిప్పకుండా, వెనక చేతుల కోసం చూస్తూ కూర్చుంది. లోపల్నుంచి కూతురు "అమ్మా!" అని పిలిచింది. అప్పుడు తెలిసింది ఏం చేస్తోందో. అక్కడే కూర్చుని బాగా ఏడ్చింది. తర్వాత ఊపిరి వదిలింది.

లేచి దువ్వెన కోసం కిటికీ గట్టు చూసింది. మేకు చూసింది. మందుల అర చూసింది. ఒక్కోదాని ఎత్తూ ఒక్కో సుద్దగీతలా కళ్ళకి కట్టింది. చాదస్తం అనుకుంది ఇన్నాళ్ళూ. ఇంట్లో కూడా అక్క గోడ ఎక్కిస్తూనే ఉందన్నమాట, తనకి తెలియకుండా.

బీరువా ముందు నిలబడి కుడిచెయ్యి ఎత్తింది. చెయ్యి చెవి దాటింది, తల దాటింది, నొప్పి లేకుండా బీరువా అంచు దాటింది. దువ్వెన సరిగ్గా అక్కడే ఉంది, వెనక్కి పోకుండా, పిడి అంచు బయటికి ఉండేలా పెట్టి, పళ్ళ మధ్య ఒక తెల్లవెంట్రుకతో.